మిణుకుల మేస్త్రి, పసుపు దీపం

ఎదురింటి మేస్త్రికి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఆ పేరుతో పిలిస్తే మాత్రం ఆయన వెనక్కి తిరిగి చూడడు. మా వీధి వీధంతా ఆయన్ని మిణుకుల మేస్త్రి అనే అంటుంది. కార్లలో వైరింగు పని ఆయనది. నేను ఆయనకు అక్క వరస కలిపాను, దాంతో ఆయన భార్య నాకు మరదలైంది. వరస కలిస్తే గేటు దగ్గర నిలబడి అడగాల్సిన సంగతులు వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చుని అడగొచ్చు.

మిణుకులంటే ఏమిటో ముందు చెప్పాలి. అది అర్థమయ్యేదాకా నేను ఆ మనిషిని ఊపిరాడనివ్వలేదు. కారులో డ్రైవరు ఎదురుగా, స్పీడు చూపించే ముల్లు పక్కన, ఇంజను బొమ్మతో ఒక పసుపు దీపం ఉంటుంది. బండి బాగున్నంత కాలం అది ఆరిపోయి ఉంటుంది. ఇంజనుకు ఏదైనా తేడా చేస్తే వెలుగుతుంది. వెలగడమే తప్ప ఏం తేడా చేసిందో చెప్పదు, మూతి ముడుచుకుని కూర్చున్న మనిషిలాగా. ఈ కాలపు కార్లకైతే చేతిలో పట్టేంత యంత్రం ఒకటి తగిలిస్తే జబ్బు పేరు తెర మీద అక్షరాల్లో వచ్చేస్తుందట. పాత కార్లతో మాట్లాడే పద్ధతి వేరు. స్టీరింగు కింద, మోకాలు తగిలే చోట, చిన్న నల్ల సాకెట్టు ఒకటి దాక్కుని ఉంటుంది. అందులో రెండు కన్నాలను తీగ ముక్కతో కలిపి, ఇంజను స్టార్టు చేయకుండా తాళం మాత్రం తిప్పితే, ఆ పసుపు దీపం మిణుకుమనడం మొదలుపెడుతుంది. ఒక మిణుకు, కాస్త ఆగి రెండు మిణుకులు వస్తే పన్నెండు. ఒకటి వచ్చి, ఆగి, ఐదు వస్తే పదిహేను. ఒక్కో అంకెకు ఒక్కో జబ్బు. ప్రతి అంకెనూ మూడేసి సార్లు చెబుతుంది, మనం చెవిటివాళ్ళమన్నట్టు.

ఆ తీగ ముక్క బదులు మేస్త్రి మా మరదలి చెంపపిన్ను వాడతాడు. కొసల మీది నల్లరంగును బ్లేడుతో గీకేసి, కన్నాలకు సరిపోయేలా కాళ్ళు ఎడం చేసి పెడతాడు. పని అయ్యాక దాన్ని తీసుకోవడం మాత్రం మరచిపోతాడు.

"ఏవండీ, నా పిన్ను మళ్ళీ ఎవరి కారులో వదిలేసి వచ్చారు?" అని మరదలు అడగడం నేను మా ఇంట్లో కూర్చుని ఎన్నిసార్లు విన్నానో. "ఇంట్లో ఆడదాన్ని నేనొక్కదాన్నే. నా తల చూస్తే ఇంత. కొనే పిన్నులు చూస్తే అంత. మన వీధి కిరాణా కొట్టాయన నన్ను చూసి ఎలా నవ్వుతున్నాడో తెలుసా?"

"నవ్వనీలే. ఆయన బండి కూడా ఏదో రోజు ఆ పిన్నుతోనే మాట్లాడాలి."

మేస్త్రి ఈ విద్యను చిన్నతనంలో ఒక పెద్ద వర్క్‌షాపులో నేర్చుకున్నాడు. మొట్టమొదటిసారి ఒక్కడే దీపం చదివిన కథ ఆయన నోట వింటేనే బాగుంటుంది. దీపం పన్నెండు అంది. పన్నెండంటే ఇంజను తిరుగుతున్న సిగ్నలు అందడం లేదని అర్థం. ఆ సిగ్నలు పంపేది డిస్ట్రిబ్యూటరు. ఈయన డిస్ట్రిబ్యూటరు ఊడదీశాడు, తుడిచాడు, బిగించాడు. మళ్ళీ పన్నెండు. మళ్ళీ ఊడదీశాడు. చీకటి పడే వేళకు ఫోర్‌మన్ వచ్చి నెత్తిన ఒకటి మొట్టాడు. "ఒరేయ్, ఇంజను ఆపేసి కదరా అడుగుతున్నావు? తిరగని ఇంజనుకు సిగ్నలు ఎక్కణ్ణుంచి వస్తుంది? పన్నెండు జబ్బు కాదు. 'మేలుకునే ఉన్నాను, అడుగు' అంటోంది. తరవాత వచ్చేది విను!" ఇప్పటికీ పన్నెండు కనబడగానే మేస్త్రి దీపానికి తలూపుతాడు, వీధిలో ఎదురైన మనిషిని పలకరించినట్టు.

వీధి చివర ఆయన షెడ్డు ఉంది. రేకుల పైకప్పు, గోడ నిండా రంగురంగుల వైర్ల చుట్టలు, మూలన వంకర కాళ్ళ బల్ల. బండి రాగానే ఆయన చేసే మొదటి పని లోపలున్న వాళ్ళందర్నీ దింపేయడం. రేడియో ఆపేస్తాడు, అద్దాలు ఎక్కిస్తాడు, తలుపులు మూసుకుని ఒక్కడే కూర్చుంటాడు. పెదవులు కదుపుతూ, స్టీరింగు మీద వేలి కణుపుతో తడుతూ లెక్కపెడతాడు. ఇందులో గొప్పలకు పోవడం ఏమీ లేదు. నాలుగుకూ ఐదుకూ మధ్య ఎవరైనా ఒక దగ్గు దగ్గితే చాలు, లెక్క పోతుంది. పద్నాలుగు అంటే ఇంజను కాలిపోతోందని కబురు. పదిహేనంటే గడ్డకట్టుకుపోతోందని కబురు. ఒక్క మిణుకు తేడాతో వైద్యం తలకిందులైపోతుంది.

"బండితో నేను మాట్లాడుతుంటే మూడో మనిషి ఉండకూడదక్కా," అంటాడు.

"నేను నోరు మూసుకుని వెనక సీట్లో కూర్చుంటాను తమ్ముడూ."

"నువ్వా?" అని నా వంక ఒక చూపు చూసి తలుపు వేసేసుకుంటాడు. నేను బయట నిలబడి అద్దానికి ముక్కు ఆనించి చూస్తాను.

ఇక ఆయన సొంత కారు సంగతి. ఎవరో వదిలేసి పోయిన ముసలి బండి, బూడిదరంగుది. దాన్ని తీసుకుని ఒక్కో వైరూ మార్చుకుంటూ నిలబెట్టాడు. మరదలు కుట్టు టీచరు. వంతెన అవతల ఒక హాల్లో ఆడవాళ్ళకు కటింగు, కుట్టు నేర్పుతుంది. ఆ క్లాసు అంటే ఆవిడకు ప్రాణం. అక్కడ ఆవిడ గొంతు కూడా వేరేగా ఉంటుందని నేర్చుకునే పిల్లలు చెబుతారు. ఇంట్లో నెమ్మదిగా మాట్లాడే మనిషి, అక్కడ సుద్దముక్క పట్టుకుంటే హాలు ఆ చివరకు కూడా వినబడుతుందట.

ఆవిడ మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను అయింది, చేతికి కర్ర వచ్చింది. ఎత్తు తక్కువ సీట్లో కూర్చోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. బస్సు మెట్టు ఎత్తు ఎక్కువ, ఆటో కుదుపులు పడవు, అద్దె కార్ల సీటు ఎత్తు తక్కువ. ఆవిడ ఎటూ కాకుండా పోయింది. మేస్త్రి తన బండిలో ముందు సీటు ఊడదీసి, కింద ఇనుప దిమ్మలు వేసి, ఎత్తు పెంచి బిగించాడు. ఆవిడ నిలబడ్డ చోటు నుంచి పక్కకు తిరిగి సీటు మీద ఆనుకుని, కాళ్ళు ఒక్కొక్కటే లోపలికి తెచ్చుకుంటే సరిపోతుంది. తల పైకప్పుకు తగులుతుందేమోనని దిమ్మల మందం రెండు మూడు సార్లు మార్చాడు. ఆవిడ మళ్ళీ క్లాసుకు వెళ్ళడం మొదలుపెట్టింది.

పసుపు దీపం గొడవ కూడా అప్పుడే మొదలైంది.

దారిలో దీపం వెలిగేది. ఇంజను గురకపెట్టినట్టు కొట్టుకునేది, వెనక నల్లపొగ, లోపల పెట్రోలు వాసన. కాస్త దూరం పోయి ఆగిపోయేది. ఎవరో వచ్చి పక్కకు తోసేవాళ్ళు. మేస్త్రి గబగబా దిగి, మరదలికి చేయి అందించి దింపి, డిక్కీలోంచి మడతకుర్చీ తీసి పేవ్‌మెంటు మీద వేసి కూర్చోబెట్టేవాడు. తరవాత తలుపులు మూసుకుని పిన్ను పెట్టేవాడు. పన్నెండు, తరవాత పదిహేను. వచ్చి పోయిన జబ్బును కూడా బండి గుర్తుపెట్టుకుని చెబుతుందట. ఇంజను నీటి వేడిని చెప్పే సెన్సారు ఒకటి ఉంటుంది, మనం ఒళ్ళు కాలితే పెట్టుకునే థర్మామీటరు లాంటిది. దాని కబురు అందకపోతే బండి తాను మంచులో ఉన్నాననుకుని పెట్రోలు కుమ్మరించుకుంటుందట. వేడిగా ఉన్న ఇంజనులో అంత పెట్రోలు పోస్తే గొంతు పట్టుకుపోయి ఆగిపోతుంది. ఆయన అన్నీ చూసి మళ్ళీ తాళం తిప్పితే బండి ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. దీపం కూడా ఉండేది కాదు.

సెన్సారు మార్చాడు. దానికి తగిలే ప్లగ్గు మార్చాడు. బానెట్టు కింద వైర్లన్నీ పట్టుకుని కుదిపి చూశాడు. ఒక్కడే వంతెన దాకా వెళ్ళి వచ్చాడు, ఎండలో, వానలో, గతుకుల్లో. దీపం వెలిగితే ఒట్టు. "పోయిందే జబ్బు!" అని సంతోషంగా మరదల్ని ఎక్కించుకుంటే వీధి మలుపు తిరిగేలోపే వెలిగేది.

వీధికి ఇదొక వేడుకైపోయింది. కొట్టాయన అరుగు మీద నుంచే అందుకునేవాడు. "మేస్త్రీ, అది మీకు రెండో పెళ్ళామయ్యా. పెద్దావిడ ఎక్కితే దానికి కడుపుమంట."

"నాకు సవతేలే అన్నయ్యా," అనేది మరదలు. "నేను కాలు పెట్టగానే మూతి తిప్పుకుంటోంది. ఆయన ఒక్కడూ కూర్చుంటే చూడు, పువ్వులాగా వెళుతుంది."

నవ్వుతూనే అనేది. కానీ ఒక రోజు బండి వంతెన మీద, నట్టనడుమ, ముందూ వెనకా లారీల మధ్య ఆగిపోయింది. హారన్ల మోతలో, ఆ కర్రతో, ఆ కాలితో ఆవిడ దిగి రెయిలింగు పట్టుకుని నిలబడింది. ఒక లారీ రాసుకుంటూ పోయిందట. ఆ రోజు ఇంటికి వచ్చాక మేస్త్రి టీ గ్లాసు పట్టుకుని తాగకుండా అలాగే కూర్చున్నాడు. నేను పని కట్టుకుని వెళ్ళాను మరి, ఏం జరిగిందో తెలియాలి కదా.

"అమ్మేస్తానక్కా," అన్నాడు. "పాత బండ్లు విరగ్గొట్టేవాడు ఆదివారం పొద్దున వస్తానన్నాడు. ఇన్నేళ్ళుగా లోకంలో అందరి బండ్లూ చదివాను. నా ఇంటిదాన్ని కూర్చోబెట్టే బండి నాకు అంతుపట్టడం లేదు. నడిరోడ్డు మీద దాన్ని ఇంకోసారి దింపలేను."

"మరి క్లాసో?"

మరదలు గిన్నె తోముతున్నదల్లా కుళాయి కట్టేసింది. "శనివారం ఒక్కసారి తీసుకెళ్ళండి," అంది. "పెద్ద కత్తెర, కొలతల అట్టలు నా క్లాసులో పొడుగమ్మాయికి అప్పగించి వస్తాను. ఇక మీద తనే చెప్పుకుంటుంది." అని కుళాయి మళ్ళీ విప్పింది.

శనివారం నేనూ వస్తానన్నాను. మరదలికి తోడు అని చెప్పాను గానీ, అసలు సంగతి మేస్త్రికి తెలుసు. "అక్క వస్తానంటే కాదనడానికి నేనెవణ్ణి? కార్లో కూర్చున్నంతసేపూ ఒక్క ప్రశ్న కూడా అడక్కూడదు," అన్నాడు. ఒప్పుకున్నాను. చాలాసేపు ఆ మాట మీదే ఉన్నాను.

సన్నగా తుంపర పడుతోంది. మరదలు ముందు సీట్లో కూర్చుని, కత్తెర సంచీ ఒళ్ళో పెట్టుకుని, కర్రను ఎప్పటిలాగే కాళ్ళ పక్కన, తలుపుకు ముందున్న ప్లాస్టిక్ గోడకు ఆనించింది. మలుపు తిరిగాం. పసుపు దీపం వెలిగింది. పెట్రోలు వాసన కొట్టింది. వంతెన ఇంకా రానేలేదు, మూసేసిన తలుపుల దుకాణం ఒకదాని ముందు బండి దగ్గి, కుదిపి, నిలబడిపోయింది.

మేస్త్రి దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఆవిడ వైపు తలుపు తీశాడు. "దా, దిగు. ఆ చూరు కింద కుర్చీ వేస్తాను."

"దిగను," అంది మరదలు.

"ఏం, నొప్పా?"

"నొప్పీ లేదు, ఏమీ లేదు. దిగను."

"చూడాలి కదే బండిని."

"చూడండి. నేను కూర్చుంటే మీ కళ్ళకు అడ్డమా?" ఆవిడ గొంతు పెద్దది కాలేదు గానీ, ఆ గొంతు నేను ఎప్పుడూ విన్నది కాదు. "ఎక్కమంటే ఎక్కాను, దిగమంటే దిగాను. రోడ్డు పక్కన కుర్చీలో కూర్చుని వచ్చేపోయే వాళ్ళ మొహాలు చూస్తున్నాను, ఎవరో మరచిపోయిన మూటలాగా. ఇదే ఆఖరు ప్రయాణం అంటిరి. ఈ ఒక్కరోజు నన్ను కూర్చోనివ్వండి. నేనేం దగ్గను."

మేస్త్రి తడుస్తూ నిలబడ్డాడు. నా వైపు చూశాడు. నేను ప్రశ్నలు అడగనని మాటిచ్చాను కాబట్టి, కిటికీలోంచి బయటకు చూశాను.

ఆయన తలుపు మెల్లగా వేసి, మళ్ళీ చుట్టూ తిరిగి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. పిన్ను పెట్టాడు, తాళం తిప్పాడు.

దీపం మిణుకుమంది. ఒకటి. ఒకటి, రెండు.

"ఇదేనా?" అంది మరదలు గుసగుసగా. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ పిన్నులే పోయాయి తప్ప, ఆ పిన్నులతో ఆయన ఏం చేస్తాడో ఆవిడ ఒక్కసారి కూడా చూడలేదు. "ఇందాకటి నుంచీ అదే చెబుతోందేంటండీ?"

"అది పలకరింపు. ఇప్పుడు చెబుతుంది చూడు."

ఒకటి. తరవాత ఐదు. ఆవిడ కూడా పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. మూడోసారి ఇద్దరూ కలిసి "ఐదు" అన్నారు.

"చలేస్తోందంటోంది దీనికి," అన్నాడు మేస్త్రి. "ఉడికిపోతూ చలంటోంది. దారిలో ఎక్కడో కబురు తెగిపోతోంది. ఎక్కడో తెలియడం లేదు."

పిన్ను తీసి స్టార్టు చేశాడు. ఇంజను దగ్గుతూ అందుకుంది, దీపం వెలుగుతూనే ఉంది. దాన్ని దగ్గర నుంచి చూడాలని మరదలు ముందుకు వంగింది. కర్ర అడ్డమొస్తే తీసి ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి ఇంజను గొంతు సర్దుకుంది. దీపం ఆరిపోయింది.

"అదిగో, ఇదే దీని టక్కు," అన్నాడు మేస్త్రి. "తనంతట తనే పోతుంది."

మరదలు వెనక్కి జారగిలబడి, కర్రను మళ్ళీ కాళ్ళ పక్కన ఆనించింది. దీపం వెలిగింది.

ఆవిడ కర్ర వంక చూసింది, దీపం వంక చూసింది. కర్రను ఎత్తింది. మేస్త్రి చేయి స్టీరింగు మీద అలాగే ఉండిపోయింది. దీపం ఆరింది. ఆనించింది, వెలిగింది. ఎత్తింది, ఆరింది. స్విచ్చు దొరికిన చంటిపిల్లలా ఆవిడ అదే పని చేస్తుంటే, వెనక సీట్లో నాకు మాటిచ్చిన సంగతి గుర్తుకు రాలేదు.

"తమ్ముడూ! ఆ ప్లాస్టిక్ గోడ వెనక ఏముంది?"

"కంప్యూటరు పెట్టె," అన్నాడు మేస్త్రి. ఆ మాట ఆయన నోట్లోంచి ఎంత నెమ్మదిగా వచ్చిందంటే, ఇంజను శబ్దంలో సగమే వినబడింది. "బండికి బుర్ర అక్కడే ఉంటుంది. కబుర్లన్నీ వచ్చి చేరేది అక్కడికే."

ఇంజను ఆపేసి మళ్ళీ ఆవిడ వైపు వచ్చాడు. ఈసారి దిగమనలేదు. "కాళ్ళు కాస్త ఇటు పెట్టుకో," అని, తడి రోడ్డు మీద మోకాళ్ళు ఆనించి, ఆవిడ పాదాల పక్కన స్క్రూలు విప్పాడు. ప్లాస్టిక్ గోడ ఊడి వచ్చింది. వెనక వెండిరంగు పెట్టె, దానికి బోలెడన్ని వైర్లున్న పెద్ద ప్లగ్గు. వేలితో ఒక్కో వైరూ మెల్లగా నొక్కుకుంటూ వచ్చాడు. ఒక పసుపు వైరు దగ్గర ఆగాడు. మిగతావన్నీ గట్టిగా కూర్చున్నాయి, అదొక్కటీ తన గూట్లోంచి కాస్త వెనక్కి జరిగి వదులుగా ఉంది. మామూలుగా తగిలే ఉంటుంది. గోడ మీద ఏదైనా బరువు ఆనితే గోడ లోపలికి వంగి, ఆ వైరును ఇంకాస్త వెనక్కి నెడుతుంది. అంతే, కబురు తెగిపోతుంది.

"సూది ఉందా?"

ఆవిడ సంచీలోంచి లావు సూది తీసి అందించింది. వైరు చివరి ఇత్తడి ముక్కకు చిన్న నాలుక ఉంటుంది, అది నిక్కి నిలబడితేనే గూట్లో పట్టుకుంటుంది. అణగిపోయిన ఆ నాలుకను సూదిమొనతో పైకి లేపి లోపలికి తోశాడు. టిక్కుమంది. పట్టుకుని లాగి చూశాడు, రాలేదు.

గోడ బిగించి, స్టార్టు చేసి, "ఆనించు కర్ర," అన్నాడు. ఆనించింది. "గట్టిగా." గట్టిగా ఆనించింది. దీపం వెలగలేదు.

మేస్త్రి స్టీరింగు పట్టుకుని అద్దం మీద పడుతున్న తుంపరను చూస్తూ కూర్చున్నాడు. "నిన్ను దింపిన ప్రతిసారీ జబ్బును కూడా నీతోపాటే దింపేశాను," అన్నాడు. "బండి ఖాళీగా బాగానే ఉంది మరి. నేను ఖాళీ బండినే చూశాను."

"పోనీలెండి," అంది మరదలు. "ఇన్నాళ్ళూ సవతి అనుకున్నాను పాపం. నేనే దాని డొక్కలో పొడుస్తున్నాను."

నాకు నవ్వాగలేదు. నేను నవ్వితే ఆయనా నవ్వాడు. దుకాణం చూరు కింద వాన తగ్గడం కోసం ఆగిన ఎవరో మనిషి, ముగ్గురు పెద్దవాళ్ళు ఆగిన బండిలో కూర్చుని ఎందుకు నవ్వుతున్నారో అర్థంకాక మమ్మల్ని వింతగా చూశాడు.

క్లాసుకు ఆలస్యంగా చేరాం. పొడుగమ్మాయి గుమ్మంలోనే నిలబడి ఉంది, మొహం వేలాడేసుకుని. కత్తెర తీసుకోవడానికి చేయి కూడా చాపింది. మరదలు ఆ చేతిలో తన కర్ర పెట్టి, సంచీలోంచి కత్తెర తీసి తన చేతిలోనే ఉంచుకుంది. "జాకెట్టు చేతికి చంక వంపు తిప్పి కత్తిరించడం పోయినసారి సరిగా రాలేదు మీకెవ్వరికీ," అంది. హాలు ఆ చివరకు వినబడింది. పిల్లలు చెప్పిన మాట నిజమే. నేను వెనక బల్ల మీద కూర్చుని అంతా విన్నాను. చేతి చంక తిప్పడంలో ఇంత సంగతి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు, ఇంటికి వచ్చేదాకా అడుగుతూనే ఉన్నాను.

ఆదివారం పొద్దున పాత బండ్లాయన తాళ్ళు, కొక్కేలు వేసుకుని వచ్చాడు. మేస్త్రి ఇంకా మొహం కడుక్కుంటున్నాడు. గేటు దగ్గర నేనే ఎదురయ్యాను.

"బండి ఇవ్వరు నాయనా," అన్నాను.

"నడవదన్నారు కదమ్మా?"

"నడుస్తోంది. జబ్బు దొరికింది."

"ఏంటండీ జబ్బు?"

అడిగినవాడికి చెప్పకుండా పంపడం నాకు చేతకాదు. పన్నెండు దగ్గర మొదలుపెట్టాను. ఆయన గడియారం చూసుకుంటూ, కొక్కేలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, పదిహేను దాకా విన్నాడు. వెళ్ళేటప్పుడు, "మా ఇంట్లో బండికి కూడా అదేదో లైటు వెలుగుతోందమ్మా, మేస్త్రి గారు ఉంటారా ఎప్పుడైనా?" అని అడిగి మరీ వెళ్ళాడు.

షెడ్డులో మేస్త్రి పద్ధతి కాస్త మారింది. ఇప్పుడు కూడా అందర్నీ దింపేస్తాడు, తలుపులు వేసుకుని లెక్కపెట్టుకుంటాడు. కానీ దింపేముందు ఒక ప్రశ్న అడుగుతున్నాడు: దీపం వెలిగినప్పుడు బండిలో ఎవరెవరున్నారు, ఎక్కడెక్కడ కూర్చున్నారు, చేతుల్లో ఏముంది? కొంతమందికి కోపం వస్తుంది. వాళ్ళ కోపం ఆయనకు పట్టదు. అలా అడిగేటప్పుడు మాత్రం నన్ను దగ్గర నిలబడనిస్తున్నాడు, ఆయన మరచిపోయిన ప్రశ్నలు నేను అడుగుతానని.

మొన్న క్లాసుకు వెళుతుంటే వెనక సీట్లో నేనూ ఉన్నాను. వంతెన ఎక్కుతుండగా డాష్‌బోర్డులో ఎక్కడో కొత్తగా గలగలమని చప్పుడు మొదలైంది. మేస్త్రి చెవి అటు పడింది. వంతెన దిగగానే బండిని పక్కకు తీసి ఆపాడు. అలవాటు కొద్దీ ఇటు వైపు వచ్చి, మరదలి తలుపు పిడి మీద చేయి వేశాడు. వేసి అలాగే నిలబడ్డాడు. తలుపు తీయలేదు. కిటికీలోకి వంగాడు.

"ఎటువైపు నుంచి వస్తోందే?"

మరదలు తల కాస్త పక్కకు పెట్టి ఆలోచించింది. "బండి కదిలితే కదా వినబడేది? వచ్చి కూర్చుని నడపండి, చెబుతాను," అంది.

మేస్త్రి చుట్టూ తిరిగి వెళ్ళి కూర్చున్నాడు. బండి కదిలింది. ఆవిడ అరచేయి చాపి డాష్‌బోర్డు మీద ఇక్కడ ఒకసారి, అక్కడ ఒకసారి ఆనిస్తూ, వెతుకుతూ ఉంది. ఆయన రోడ్డు మీదే కళ్ళు పెట్టి, "అక్కడా?" అంటున్నాడు. "ఊహూ," అంటోంది ఆవిడ. "ఇంకాస్త ఇటు."